సాయంత్రానికి పలచబడే పొర

2018 వేసవిలో మిర్చి యార్డు గుమస్తా ఒకాయన మా దగ్గరికి వచ్చారు. వయసు 43. ఎడమ కంటితో చూస్తే సరిగ్గా మధ్యలో పావలా బిళ్లంత మసక. "సిస్టరూ, కాటా మీద అంకెలు వంకర్లు పోతున్నాయి. లెక్క తప్పితే నా జీతంలోనే కోస్తారు" అన్నారు. నేను సిస్టర్ని కాదు, కళ్లు పరీక్షించే ఆప్టోమెట్రిస్టుని. కానీ ఆసుపత్రిలో తెల్లకోటు వేసుకున్న ఆడమనిషి ఎవరైనా సిస్టరే, అది దిద్దడం ఎప్పుడో మానేశాను.

ఓసీటీ తీశాం, కంటి పొరలను కాంతితో నిలువుగా చూపించే స్కాన్. రెటీనా కింద నీరు చేరింది. సెంట్రల్ సీరస్ కోరియోరెటినోపతీ, మా భాషలో సీఎస్‌సీఆర్. రెటీనా వెనక ఉండే కోరాయిడ్ పొర ఉబ్బి ఉంది. మందం కొలిచి రిపోర్టులో రాశాను: 462 మైక్రాన్లు. డాక్టరుగారు ఎప్లెరినోన్ మాత్రలు రాశారు. ఆరు వారాల తర్వాత ఆయన మళ్లీ వచ్చారు. మళ్లీ కొలిచాను: 428. సార్ ముఖం వెలిగింది. "కోరాయిడ్ తగ్గుతోంది, మందు పనిచేస్తోంది, ఇదే కొనసాగిద్దాం" అన్నారు. నీరు మాత్రం ఎంత ఉందో అంతే ఉంది. అంకె తగ్గింది కదా అని అందరం సంతోషించాం.

ఆ రాత్రి రిజిస్టరు పూర్తి చేస్తుంటే రెండు ఎంట్రీల పక్కన టైమ్ కనిపించింది. మొదటి స్కాన్ పొద్దున 8:40కి. రెండోది సాయంత్రం 5:15కి. యార్డులో పని చూసుకుని వచ్చారు మరి.

కోరాయిడ్ మందం రోజంతా ఒకేలా ఉండదు. పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే ఆ తేడా సగటున 30 మైక్రాన్ల పైచిలుకు ఉంటుందని 2012 నాటికే తేల్చారు. మా గుమస్తాగారిలో తగ్గింది 34. అంటే తలవెంట్రుక మందంలో సగం. మూడోసారి పొద్దున్నే రమ్మని కొలిస్తే 459 వచ్చింది. మందు పని చేసిందనుకున్నాం, పనిచేసింది సాయంత్రం.

తప్పు నాది. టైమ్ రిజిస్టర్లో రాశాను కానీ రిపోర్టులో రాయలేదు. ఆ తర్వాత 2020లో బ్రిటన్‌లో 114 మంది మీద చేసిన ట్రయల్ ఫలితాలు వచ్చాయి. సీఎస్‌సీఆర్‌లో ఎప్లెరినోన్ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా ఏమీ పనిచేయలేదని తేలింది. అది చదివిన రోజు నాకు ఆ 428 అంకే గుర్తొచ్చింది. పనిచేయని మందును పనిచేస్తోందని నమ్మడానికి ఒక్క అంకె ఎంత బాగా సాయపడుతుందో!

అప్పటినుంచి నాకొక పంతం ఉంది, ఈ వ్యాసం దాని గురించే. కోరాయిడ్‌ను కొలిచే యంత్రాలు చాలా వచ్చాయి. ఏది మేలు అని కాన్ఫరెన్సుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో తెగ వాదించుకుంటారు. నా ఉద్దేశంలో ఆ వాదన మొదలే తప్పు. ఈ యంత్రాలన్నీ ఒకే వస్తువును కొలవడం లేదు. మా కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది చెప్పడం సులువు. గట్టు ఎత్తు వేరు, కాలువ వెడల్పు వేరు, అందులో పోయే క్యూసెక్కులు వేరు. గట్టు కొలిచి క్యూసెక్కులు చెప్పే లస్కరును ఏ రైతూ నమ్మడు. కంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నమ్మేస్తున్నాం.

బడి పుస్తకాల్లో దీన్ని రక్తపటలం అని చదువుకున్నాం. దృఢస్తరానికీ నేత్రపటలానికీ మధ్య పొర. పేరు పెట్టినవారెవరో సరిగ్గా పెట్టారు, ఇది దాదాపు అంతా రక్తనాళాలే. కంటికి వచ్చే రక్తంలో అధికభాగం దీనిలోనే తిరుగుతుంది. రెటీనాలో పైకి కనపడే ఎర్రటి నాళాలకు అందేది కొసరు. చూపు అన్నిటికంటే పదునుగా ఉండే ఫోవియా నడిమధ్యన రెటీనా నాళాలు అసలు ఉండవు. అక్కడి కణాలు వెనకనున్న కోరాయిడ్ మీదే బతుకుతాయి. ఈ పొరలో మళ్లీ మూడు అరలు. లోపలివైపు, రెటీనాకు ఆనుకుని, కోరియోకాపిల్లారిస్ అనే కేశనాళికల వల. దాని వెనక మధ్యరకం నాళాల సాట్లర్ పొర. ఆ వెనక పెద్ద నాళాల హాలర్ పొర, అందులో ఎక్కువ సిరలే. పిల్లకాలువ, మేజరు కాలువ, పెద్ద కాలువ అనుకోండి. కాకపోతే ఇక్కడ పెద్ద కాలువల్లో చాలావాటికి నీళ్లు బయటికి తీసుకుపోవడమే పని.

ఇన్ని నాళాలున్న ఈ పొర ముందు ఒక తెర అడ్డంగా ఉంటుంది. రెటీనా వెనక ఉండే రంగు కణాల వరస. కోరాయిడ్‌ను చూడాలనుకున్న ప్రతివాడూ మొదట ఆ తెరతోనే తలపడాల్సి వచ్చింది.

1961లో అమెరికాలో నోవోట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు ఫ్లోరెసిన్ రంగు మందును చేతి నరంలోకి ఎక్కించి కంటి నాళాలను ఫొటోలు తీశారు. కంటి జర్నళ్లు ఆ పేపరును తిప్పికొడితే గుండె, రక్తప్రసరణ మీద వచ్చే జర్నల్లో అచ్చయింది. రెటీనా వరకు ఆ పరీక్ష ఇప్పటికీ అద్భుతం. కోరాయిడ్‌కు మాత్రం ఉపయోగం తక్కువ. ఫ్లోరెసిన్ వెలుతురు పచ్చగా, కంటికి కనిపించే కాంతిలో ఉంటుంది, దాన్ని ఆ రంగు తెర మింగేస్తుంది. పైగా అణువు చిన్నది. కొంత రక్తంలో ప్రొటీన్లకు అతుక్కోకుండా తిరుగుతూ కోరియోకాపిల్లారిస్ సందుల్లోంచి బయటికి కారిపోతుంది. ఇక ఫొటోలో కనిపించేది పుష్యమాసంలో పొద్దున్నే కట్ట మీద నిలబడితే కనిపించే దృశ్యమే. మంచు ఉందని తెలుస్తుంది, కాలువ కనిపించదు.

ఇండోసయనిన్ గ్రీన్ అనే ఇంకో రంగు మందు కథ వేరు. మేం ఐసీజీ అంటాం. 1950ల్లో కోడాక్ ప్రయోగశాలల్లో పుట్టింది, ముందు గుండె, కాలేయం పరీక్షలకు వాడారు. ఇది వెలిగేది 800 నానోమీటర్లు దాటాక, పరారుణ కాంతిలో. రంగు తెర దాన్ని అంతగా ఆపలేదు. ఎక్కించిన మందులో సుమారు 98 శాతం రక్తంలోని ప్రొటీన్లకు అతుక్కుంటుంది కాబట్టి తొందరగా బయటికి కారదు. కోరాయిడ్ నాళాలు మొదటిసారి నాళాల్లా కనిపించింది దీనితోనే. 1970ల్లోనే మనుషుల కళ్లలో ప్రయత్నించినా, డిజిటల్ కెమెరాలు వచ్చిన 1990ల దాకా అందరికీ అందుబాటులోకి రాలేదు.

ఈ పరీక్ష చేయడం ఎలా ఉంటుందో చెప్పాలి. చేసినవాళ్లకు తప్ప దీని విలువ తెలియదని నా అనుమానం. చిన్న సీసాలో ముదురాకుపచ్చ పొడి. దాంతో వచ్చిన నీటితోనే కలపాలి, కలిపాక ఎక్కువసేపు ఉంచకూడదు. పేషెంటు గడ్డం స్టాండు మీద, నుదురు పట్టీకి ఆనించి, మోచేతి దగ్గర సూది. నర్సు "ఇస్తున్నా" అనగానే నేను గడియారం నొక్కుతాను. కెమెరాలో చీకటి. పది, పన్నెండు సెకన్లు ఏమీ ఉండదు. తర్వాత ఒక్కసారిగా చీకట్లో ఎక్కడో ఒక కొమ్మ వెలుగుతుంది, దాని పక్కన ఇంకోటి. రెటీనా నాళాలు ఇంకా నల్లగా ఉండగానే వెనకాల కోరాయిడ్ ధమనులు నిండిపోతాయి, ఆ వెంటనే సిరలు. కాసేపట్లో తెర మొత్తం వేరుశనగ చేను వేళ్లలా అల్లుకుపోతుంది. ఏ సెకనుకు ఏ నాళం నిండింది, ఏ మూల ఆలస్యంగా నిండింది, పదో నిమిషానికి ఎక్కడ మబ్బులా పరుచుకుంది, అంతా రికార్డవుతుంది. అరగంట తర్వాత ఆఖరి ఫొటోలు.

కాలం కనిపించే పరీక్ష ఇది. కోరాయిడ్ మొత్తం మీద, ఏ నాళం ముందు నిండిందో ఏది వెనక నిండిందో వరసగా చూపించేది మా గదుల్లో ఇదొక్కటే. అందుకే ఐసీజీకి కాలం చెల్లిందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. పాలిపాయిడల్ కోరాయిడల్ వాస్క్యులోపతీ అనే జబ్బుంది, మన ఆసియా వాళ్లలో ఎక్కువ. కోరాయిడ్ వైపునుంచి వచ్చిన నాళాల కొసలు ద్రాక్ష గుత్తుల్లా ఉబ్బుతాయి. ఐసీజీలో మొదటి ఆరు నిమిషాల్లో ఆ గుత్తులు వెలిగితే జబ్బు ఖాయం. కేవలం ఓసీటీ చూసి చాలావరకు ఊహించవచ్చు, ఊహించి కంట్లో మందు సూది వేసేవాళ్లూ ఉన్నారు. ఎక్కువసార్లు సరిపోతుంది కూడా. సరిపోనప్పుడు మాత్రం మళ్లీ ఐసీజీ గదికే పంపుతారు, ఈలోపు మూడు నెలలు పోతాయి.

అయితే నాళాల వెడల్పు కొలవడానికి ఐసీజీ పనికొస్తుందా? ఇక్కడ నేను నా పక్షానికే ఎదురు చెప్పాలి. పెద్దగా పనికిరాదు. వెలిగే నాళం తన అసలు వెడల్పు కంటే లావుగా కనపడుతుంది. ఫొటో ఏ నిమిషంలో తీశాం, కెమెరా గెయిన్ ఎంత పెంచాం అన్నదాన్ని బట్టి అదే నాళం లావూ అవుతుంది, సన్నమూ అవుతుంది. లోతు తెలియదు, హాలర్ పొర నాళమూ సాట్లర్ పొర నాళమూ ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి. కాలువలన్నిటినీ విమానంలోంచి చూసినట్టు. వరస తెలుస్తుంది, లోతు తెలియదు.

లోతు ఓసీటీ సొంతం. 1991లో ఎంఐటీ నుంచి వచ్చిన ఆ యంత్రం కంటిని నిలువుగా కోసి చూపించింది, కత్తి లేకుండా. రెటీనా పొరలన్నీ స్పష్టంగా కనిపించేవి. కోరాయిడ్ దగ్గరికి వచ్చేసరికి మసక. రంగు తెర, లోతు పెరిగేకొద్దీ బలహీనపడే సిగ్నల్, రెండూ కలిసి దెబ్బతీశాయి. దీనికి 2008లో రిచర్డ్ స్పెయిడ్ బృందం చెప్పిన ఉపాయం వింటే నవ్వొస్తుంది. యంత్రాన్ని కంటికి ఇంకాస్త దగ్గరగా జరపండి. అంతే. అలా జరిపితే బొమ్మ తలకిందులవుతుంది, యంత్రం బాగా చూడగలిగే చోటు రెటీనా నుంచి కోరాయిడ్ వైపు మారుతుంది. కొన్ని ఫొటోలు తీసి సగటు చేస్తే వెనక గోడ వరకు కనిపిస్తుంది.

బొమ్మ తలకిందులవడం మాకు కొత్త కాదు. పని నేర్చుకునే రోజుల్లో అలా వస్తే సీనియర్లు "దగ్గరికి పోయావు, వెనక్కి రా" అని కసిరేవారు. ఎన్ని వేల తలకిందుల స్కాన్లను ఎంతమంది టెక్నీషియన్లు డిలీట్ చేసి ఉంటారో! ఆ చెత్తబుట్టలోనే కోరాయిడ్ ఉంది, చూసినవాడు లేడు.

ఆ ఉపాయం వచ్చాకే బతికున్న కంటిలో కోరాయిడ్ మందం తెలిసింది. అంతకుముందు తెలిసింది చనిపోయినవారి కళ్లనుంచి, రక్తం ఖాళీ అయిపోయాక ముడుచుకున్న పొరనుంచి. కొత్త లెక్కలో సుమారు 50 ఏళ్ల సగటు వయసున్న ఆరోగ్యవంతుల్లో ఫోవియా కింద 287 మైక్రాన్లు వచ్చింది. ఏడాదికి ఒకటిన్నర మైక్రాను చొప్పున తగ్గుతుందనీ తేలింది. కళ్లద్దాల మైనస్ పవరు ఎక్కువున్నవాళ్లలో ఇంకా పలచన. సీఎస్‌సీఆర్ ఉన్నవాళ్లలో 500 దాటడం మామూలు. 2013 నుంచి 'ప్యాకీకోరాయిడ్' అన్న మాట వాడుకలోకి వచ్చింది, మందపాటి కోరాయిడ్ అని. మాట వచ్చాక ఇక అందరికీ మందమే కావాలి. రిపోర్టులో ఒక అంకె, ఆ అంకెకు ఒక పేరు.

ఆ అంకె నేను పెట్టేదే కాబట్టి దాని పుట్టుక నాకు తెలుసు. తెర మీద బొమ్మ. పై గీత సులువు, రంగు తెర తళతళా మెరుస్తుంటుంది. కింది గీత దగ్గరే గొడవ. కోరాయిడ్ ఎక్కడ ముగిసి తెల్లగుడ్డు ఎక్కడ మొదలైంది? కొన్ని కళ్లలో చక్కటి గట్టులా ఉంటుంది. కొన్నిట్లో పెద్ద నాళం వెనక బూడిదరంగు పట్టీ ఒకటి, దాని వెనక సన్నటి నల్ల గీత ఒకటి. పట్టీ ముందు ఆగాలా, గీత దాకా పోవాలా? నేను ఒకచోట పెడతాను, మా జూనియర్ అమ్మాయి ఇంకోచోట పెడుతుంది. ఇద్దరి మధ్య 30 మైక్రాన్ల తేడా చాలా మామూలు. స్కాన్ కాస్త వాలుగా వస్తే నిలువుగా గీసినదానికీ పొరకు అడ్డంగా గీసినదానికీ మరికొంత తేడా. ఇంకోటి చాలామందికి తెలియదు. ప్రింటులో బొమ్మను నిలువుకు సాగదీసి ఇస్తాయి యంత్రాలు, చూడ్డానికి బాగుంటుందని. దాని మీద స్కేలు పెట్టి కొలిచే మహానుభావులను చూశాను.

తర్వాత స్వెప్ట్ సోర్స్ అనే కొత్తరకం ఓసీటీ వచ్చింది. సుమారు 1050 నానోమీటర్ల కాంతి, రంగు తెరను ఇంకా తేలిగ్గా దాటుతుంది. సెకనుకు లక్ష స్కాన్ గీతలు తీయగలదు. పాత యంత్రంలో పేషెంటుకు ఎర్రటి గీత కదలడం కనిపించేది, ఎంత చెప్పినా కన్ను దాని వెంటే పోయేది, పిల్లి వెనక పిల్లాడిలా. కొత్తదానిలో ఆ గీత కనిపించదు కాబట్టి కన్ను నిలుస్తుంది. పని చేసేవాళ్లకు ఇదే పెద్ద వరం. వెనక గోడ కూడా చాలా కళ్లలో తేటగా తెలుస్తుంది. కానీ ఒక యంత్రంలో వచ్చిన మందాన్ని ఇంకో యంత్రంలో వచ్చినదానితో పోల్చకూడదు. గీతలు గీసే పద్ధతి వేరు, కాంతి వేరు. మన ఊళ్లో ఒకచోట, హైదరాబాద్‌లో ఒకచోట తీయించుకుని "ఆర్నెల్లలో 25 పెరిగింది మేడం" అని టెన్షన్ పడుతూ వచ్చేవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే.

ఈ గీత గీసే పనిని మనిషి చేతిలోంచి తప్పించాలన్న ప్రయత్నంలో మనవాళ్ల వాటా ఉంది. ఐఐటీ హైదరాబాద్, ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పరిశోధకులు కలిసి కంప్యూటరే కోరాయిడ్ సరిహద్దులు గుర్తించి, ఒక్కచోట మందం బదులు మొత్తం పొర ఘనపరిమాణం లెక్కగట్టే పద్ధతిని 2015లోనే ప్రచురించారు. నాకు ఇది నచ్చడానికి కారణం కచ్చితత్వం ఒక్కటే కాదు. కంప్యూటరు గీతకు పేషెంటు ముఖం తెలియదు. మందు మొదలుపెట్టాక తగ్గితే బాగుండునని నా చేతికి ఉండే ఆశ దానికి ఉండదు.

సరే, గీత సరిగ్గానే పడిందనుకుందాం. అయినా మందం నాళాల కొలత అవుతుందా? కోరాయిడ్‌లో నాళాలున్నాయి, నాళాల మధ్య కణజాలమూ ఉంది. నాళాలు ఉబ్బినా మందం పెరుగుతుంది, మధ్యలో నీరు ఊరినా పెరుగుతుంది. గట్టు ఎత్తు పెరిగింది, కాలువ పెరిగిందా మట్టి పెరిగిందా?

దీనికి జవాబుగానే బొమ్మను నలుపు తెలుపులుగా విడగొట్టే పద్ధతి వచ్చింది. ఓసీటీలో కోరాయిడ్ నాళాల లోపలి భాగం నల్లగా పడుతుంది, చుట్టూ కణజాలం బూడిదగా. జపాన్ పరిశోధకులు 2014లో, సింగపూర్‌వాళ్లు 2016లో ఈ దారిలో నడిచారు. నల్లటి భాగం మొత్తంలో ఎంత శాతమో లెక్కేస్తే వచ్చేది కోరాయిడల్ వాస్క్యులారిటీ ఇండెక్స్, సీవీఐ. సింగపూర్‌లో 345 ఆరోగ్యమైన కళ్లలో సగటు 65 శాతం చిల్లర. మందంలా వయసుకూ కంటి పొడవుకూ అంతగా ఊగదు. శాతం కాబట్టి పెద్ద కన్ను, చిన్న కన్ను తేడా కొంత సర్దుకుంటుంది. మందం కంటే ఇది మేలైన కొలత, నిస్సందేహంగా.

కానీ నలుపెక్కడ ముగిసి బూడిద ఎక్కడ మొదలైందో చెప్పాల్సింది మళ్లీ మనమే. ఒక ఆదివారం ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకుని నా సొంత కంటి స్కాన్ మీద ప్రయోగం చేశాను. నిబ్లాక్ పద్ధతిలో ప్రతి పిక్సెల్‌నూ దాని ఇరుగుపొరుగుతో పోల్చి నలుపా తెలుపా తేలుస్తారు. ఇరుగుపొరుగు అంటే ఎంత దూరం? అది మనం ఇచ్చే అంకె. ఒక అంకె ఇస్తే 63 శాతం వచ్చింది, మార్చి ఇస్తే 69. అదే కన్ను, అదే బొమ్మ, అదే ఆదివారం. మధ్యలో మా అబ్బాయి వచ్చి "అమ్మా, నీకు ఏది కావాలంటే అది వస్తుందా?" అని అడిగాడు. పదో తరగతి చదువుతున్నాడు, రివ్యూయర్‌గా పనికొస్తాడు.

పైగా నల్లగా ఉన్నదల్లా రక్తం కాదు. రెటీనా నాళం నీడ నల్లగానే పడుతుంది. కణజాలంలో ఊరిన నీరూ నల్లగానే కనిపించవచ్చు. సీవీఐ చెప్పేది కాలువ వెడల్పుల మొత్తం. అందులో నీళ్లు పారుతున్నాయా, నిలిచి ఉన్నాయా అన్నది దానికి తెలియదు. సీఎస్‌సీఆర్‌లో అసలు ప్రశ్నే అది కదా. సిరలు ఉబ్బింది ఎక్కువ రక్తం వస్తోందనా, వచ్చింది బయటికి పోలేకనా? పోలేకనే అన్నవైపు ఈమధ్య మొగ్గు పెరుగుతోంది. మిగతా యంత్రాలు సిర ఉబ్బిందని చెబుతాయి. ఎందుకు ఉబ్బిందో ఊహించడానికైనా విశాలమైన ఐసీజీలో కంటి అంచు దాకా, రక్తం బయటికి పోయే ఆ నాలుగైదు పెద్ద సిరల దాకా చూడాలి.

ఇక అందరి నోటా నలిగేది ఓసీటీ యాంజియోగ్రఫీ. సూది లేదు, రంగు లేదు, వాంతి లేదు. ఒకేచోట వెంటవెంటనే స్కాన్లు తీసి, వాటి మధ్య మారినదల్లా కదలిక అనీ, కదిలేది రక్తకణమే అనీ లెక్క. రెటీనా నాళాలకు ఇది దివ్యంగా ఉంటుంది, తగాదా లేదు. కోరాయిడ్‌కు వచ్చేసరికి బ్రోచర్లలో 'రక్తప్రవాహం' అన్న మాట చూసి మోసపోతున్నాం. కదలిక ఉందో లేదో చెబుతుంది, వేగం చెప్పదు. మరీ నెమ్మదిగా పోయే కణం అసలు లేనట్టే లెక్క. ఓ వేగం దాటాక ఎంత జోరుగా పోయినా ఒకటే. పెద్ద నాళాల్లో అయితే రక్తం సిగ్నల్‌నే చెరిపేస్తుంది కాబట్టి అవి చాలాసార్లు నల్లగా పడతాయి. గోదావరి నిండుగా పారుతుంటే ఎండిపోయిందని చూపించే యంత్రం ప్రవాహాన్ని కొలుస్తోందని ఎలా ఒప్పుకోను?

కోరియోకాపిల్లారిస్ దగ్గర ఇంకో చిక్కు. అక్కడ కేశనాళికల మధ్య సందులు 5 నుంచి 20 మైక్రాన్లు. యంత్రం కాంతిచుక్క వెడల్పు కూడా సుమారు అంతే. లావాటి బ్రష్‌తో ముత్యాల ముగ్గు వేసినట్టు. కదలిక కనిపించని చోట్లను 'ఫ్లో డెఫిసిట్' అని శాతంలో లెక్కిస్తారు. రంగు తెర కింద ఎన్ని మైక్రాన్ల లోతులో చూశాం, నలుపు హద్దు ఎక్కడ పెట్టాం, పైనున్న మచ్చల నీడను తీసేశామా, వీటిలో ఏది మార్చినా శాతం మారుతుంది. ఒకే కంటిని, ఒకే సెట్టింగులతో, కొన్ని స్కాన్లు సగటు చేసి, నెలల తరబడి చూస్తే విలువైన సమాచారమే. ఇద్దరు మనుషుల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడం మాత్రం నాకు మింగుడుపడదు.

నిజంగా ప్రవాహాన్ని కొలవాలని ప్రయత్నించినవి లేకపోలేదు. లేజర్ డాప్లర్, జపాన్‌లో బాగా వాడే లేజర్ స్పెకుల్ ఫ్లోగ్రఫీ. ఫోవియా నడిమధ్యన రెటీనా నాళాలు లేవు కాబట్టి అక్కడ వచ్చే సంకేతం కోరాయిడ్‌దే అన్నది వాటి తెలివి. వచ్చేది సాపేక్షమైన అంకె. ఒకే కంటిలో నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చవచ్చు. నేను వాటి మీద పనిచేయలేదు, ఎక్కువ మాట్లాడను.

ఇంత చెప్పాక మా సార్ అడిగే ప్రశ్న మీరూ అడుగుతారు. "ఇవన్నీ నిజమే గానీ, రోజుకు వందమంది పేషెంట్లు. ఊరునుంచి బస్సెక్కి వచ్చినామెకు సూది గుచ్చి అరగంట కూర్చోబెట్టాలా? అయిదు నిమిషాల ఓసీటీ చాలదా?" న్యాయమైన ప్రశ్న. ఐసీజీలో అయోడిన్ ఉంటుంది, అది పడనివాళ్లకు ఇవ్వకూడదు. గర్భిణుల విషయంలో ఆలోచించాలి. అరుదుగానైనా తీవ్రమైన రియాక్షన్లు ఉంటాయి. ఖర్చుంది. మందం అంకె కూడా అన్నిచోట్లా దండగ కాదు. వీకేహెచ్ అనే జబ్బులో కోరాయిడ్ విపరీతంగా వాస్తుంది, వెనక గోడే కనిపించదు. స్టెరాయిడ్ మొదలుపెట్టాక వందల మైక్రాన్లు దిగుతుంది. అక్కడ పొద్దునా సాయంత్రమా అన్న 30 మైక్రాన్ల గొడవ ఎవరికి కావాలి? వరద తగ్గిందని చెప్పడానికి కొలబద్ద అక్కర్లేదు.

నా వాదన చిన్న తేడాల గురించి, వాటి మీద తీసుకునే నిర్ణయాల గురించి. మందం రాస్తే పక్కన టైమ్, యంత్రం పేరు, గీత ఎవరు గీశారో, కంటి పవరు ఎంతో రాయాలి. సీవీఐ రాస్తే హద్దు ఎలా పెట్టారో రాయాలి. ఓసీటీ యాంజియో మీద 'ప్రవాహం తగ్గింది' అని రాయకుండా 'కదలిక కనిపించలేదు' అని రాయాలి. మాటే కదా అంటారు. 'తగ్గింది' అన్న మాట చూసి ఒక మనిషి ఆర్నెల్లు మాత్రలు మింగుతాడు.

మిర్చి యార్డు ఆయనకు చివరికి ఐసీజీ చేశాం. సూది వేయబోయే ముందు మామూలుగా అడిగేవన్నీ అడిగాను. అయోడిన్ పడదా, కాలేయం జబ్బుందా, వేరే మందులేమైనా వాడుతున్నారా. "మందులేం లేవండీ" అన్నారు. నర్సు చేతికి పట్టీ బిగిస్తుంటే పక్కనే నిలబడ్డ వాళ్లావిడ, "మోకాళ్ల నొప్పులకు మందుల షాపతను ఇచ్చేవి ఉన్నాయిగా" అంది. "అవి మందులేంటే, ఒళ్లునొప్పుల బిళ్లలు." సంచిలోంచి తీసిన పొట్లంలో తెల్లటి చిన్న బిళ్లలు. చూడగానే తెలిసిపోయింది, స్టెరాయిడ్. సీఎస్‌సీఆర్‌ను తెచ్చిపెట్టేవాటిలో ముందు వరసలో ఉండేది. మొదటి రోజున అడగలేదా అంటే అడిగాం. ఆయన అప్పుడూ మందులేం లేవనే అన్నారు, ఆరోజు ఆవిడ రాలేదు.

పదో నిమిషం ఫొటోలో ఫోవియా పక్కన తెల్లటి మబ్బు పరుచుకుంది. ఓసీటీలో కోరాయిడ్ అంతటా ఒకేలా ఉబ్బినట్టు కనపడిన కంటిలో, కారుతున్నది ఎక్కడో మొదటిసారి చూశాం. ఆ బిళ్లలు డాక్టరుగారు చెప్పిన పద్ధతిలో మెల్లగా తగ్గించి మానేశాక, మూడు నెలల్లో నీరు ఆరింది. నీరు ఆరాక కూడా మందం పెద్దగా దిగలేదు, 440 దగ్గరే నిలబడింది. అంకెలు వంకర పోవడం మాత్రం ఆగింది.

ఇప్పటికీ ఏడాదికోసారి వస్తారు. వచ్చేముందు ఫోన్ చేస్తారు.

"సిస్టరూ, పొద్దున రావాలా, సాయంత్రమా?"

"పొద్దున్నేనండీ, ఎనిమిదిన్నరకి. కాఫీ తాగకుండా రండి."

"కంటి పరీక్షకి కాఫీ ఏంటండీ, రక్తపరీక్షా?"

కాఫీ తాగిన కొన్ని గంటలు కోరాయిడ్ కాస్త పలచబడుతుందని వివరంగా చెప్పాను. ఊఁ కొడుతూ విన్నారు. మొన్న వచ్చినప్పుడు రిపోర్టులో రాశాను: ఉదయం 8:35, స్వెప్ట్ సోర్స్, గీత నేనే గీశాను, కాఫీ తాగలేదని చెప్పారు. మీసం మీద నురగ సంగతి రాయడానికి కాలమ్ లేదు.